దసరా నాటి పెట్రోలు

పెట్రోలు పాచిపోవడం మొదలైనందుకు ఈ దేశంలో అందరికంటే ఎక్కువగా సంతోషించవలసినవాళ్ళు గృహిణులు!

నవ్వకండి. బాగా ఆలోచించాకే రాస్తున్నాను.

నిన్నమొన్నటి దాకా పెట్రోలు మగవాళ్ళ సరుకు. భూమి అడుగున కోట్ల ఏళ్ళు చెడకుండా ఉన్న వస్తువు మన ట్యాంకులో ఇంకో ఏడాది ఉంటే ఏమవుతుందని వాళ్ళ ధీమా. పోయించుకోవడం, మూత బిగించడం, మరిచిపోవడం. ఏ ఇంట్లోనైనా పెట్రోలు గురించి ఆడవాళ్ళ సలహా అడిగినట్టు మీరు విన్నారా? నేను వినలేదు.

ఇప్పుడు అందులో ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ ఎక్కడి నుంచి వస్తుంది? చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి. అంటే మా వంటింటి అరలో ఉండవలసిన సరుకే దారి మార్చుకుని పెట్రోలు బంకుకు చేరింది. వంటింటి సరుకు ఎక్కడికి వెళ్ళినా తన బుద్ధి మార్చుకోదు. చెమ్మ తగిలితే పాడవుతుంది. చాలా రోజులు కదపకుండా ఉంచితే అడుగున పేరుకుంటుంది. దీంతో వేగిన అనుభవం ఎవరికి ఉంది? ఆవకాయ జాడీకి వాసెన కట్టేవాళ్ళకా, ఆదివారం బండి తుడిచేవాళ్ళకా?

కాబట్టి పెట్రోలు మా శాఖలోకి వచ్చేసింది. ఉత్తర్వులు ఇంకా అందలేదు, అంతే.

నాకు ఈ జ్ఞానం మా ఇంటి జనరేటర్ వల్ల కలిగింది.

మాది ఉప్పల్‌లో, మెట్రో స్టేషన్ దిగి లోపలికి నడిస్తే వచ్చే ఒక సందులో, నాలుగంతస్తుల చిన్న అపార్ట్‌మెంట్. మావారు జనార్ధనరావు గారు కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల ఒకదానిలో టెక్నికల్ ఆఫీసరు. కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం కరెంటు పదే పదే పోతుంటే, ఆయన నెల రోజులు ఇంటర్నెట్‌లో పరిశోధన చేసి ఒక చిన్న జనరేటర్ కొన్నారు. సూట్‌కేసంత ఉంటుంది. ఎత్తుకోవడానికి పైన ఒక పిడి. పక్కన ఒక తాడు. అది లాగితే ఇంజను లేస్తుంది. ఒక ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు హాయిగా నడుపుతుందని దాని అట్టపెట్టె మీద బొమ్మలు వేసి మరీ చూపించారు.

అది ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే మా సందులో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. కరెంటు పోవడం తగ్గిపోయింది. మావారు కొంచెం నిరాశపడ్డారు కాని పైకి కనిపించనివ్వలేదు.

"ఎమర్జెన్సీకి ఉంటుందిలే" అన్నారు.

మా ఇంట్లో ఎమర్జెన్సీకి ఉన్నవి చాలానే ఉన్నాయి. ఎమర్జెన్సీ లైటు ఉంది. కరెంటు ఉన్నంతసేపే వెలుగుతుంది. టార్చి ఉంది, దాని సెల్స్ ఎప్పుడో టీవీ రిమోట్‌లోకి వెళ్ళిపోయాయి. వాటి సరసన జనరేటర్ కూడా చేరింది. మెట్ల కింద దానికో చోటు చూపించారు. దుమ్ము పడకుండా పాత కర్టెన్‌తో నేనే ముసుగు కుట్టాను. కుచ్చులు కూడా పెట్టాను.

ఆ ముసుగు ఏడాదికి ఒక్కసారి తొలగేది. ఆయుధ పూజ రోజున.

ఆ రోజు మావారు దాన్ని బయటికి తెచ్చి, స్కూటర్‌ను కడిగే పైపుతోనే దానికీ శుభ్రంగా స్నానం చేయించేవారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. తాడు పిడికి ఒక నిమ్మకాయ. గుమ్మడికాయ కొట్టాక కలశంలో మామిడాకు ముంచి నీళ్ళు చల్లడం, ట్యాంకు మూత మీద మూడుసార్లు ప్రత్యేకంగా. మా ఇంట్లో ఇంకో నియమం కూడా ఉంది. పండగపూట ఆయుధం ఖాళీ కడుపుతో ఉండకూడదు. అందుకని ముందు రోజే ట్యాంకు నిండా పెట్రోలు పోసేవారు. తాడు లాగగానే అది బుర్రుమనేది. కొబ్బరి ముక్కలు పంచడం పూర్తయ్యేదాకా నడిచేది. అందరం దండం పెట్టుకునేవాళ్ళం. తరవాత మళ్ళీ ముసుగు, మళ్ళీ మెట్ల కింద. మళ్ళీ దసరా దాకా దానికీ మాకూ మాటల్లేవు.

దాని కడుపు మాత్రం నిండుగా ఉండేది.

ఈ ఏర్పాటు ఏ లోటూ లేకుండా సాగింది. ఎందుకంటే జనరేటర్ అవసరం ఎవరికీ రాలేదు.

ఈ వేసవిలో వచ్చింది. మాకు కాదు, దుర్గమ్మకు.

మా అపార్ట్‌మెంట్ పక్క షట్టర్‌లో దుర్గమ్మ ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్ముతుంది. జనగామ వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. సందులో సగం ఇళ్ళ పొద్దుటి టిఫిను ఆవిడ చేతిలోనే ఉంది. మా ఇంటిదీ అంతే. నా పిండికంటే దుర్గమ్మ పిండి బాగా పొంగుతుందని మావారు ఒకసారి నోరు జారారు. ఆ రోజు నుంచి మా గ్రైండరు కూడా ఎమర్జెన్సీ సామాన్లలో చేరింది.

నాచారంలో ఒక మందుల కంపెనీ క్యాంటీన్ వాళ్ళు దుర్గమ్మను పిలిపించారు. మూడు రోజులు పిండి పంపమన్నారు. నచ్చితే ఇక రోజూ ఆమె దగ్గరే తీసుకుంటామన్నారు.

"మూడు షిఫ్టులోళ్ళు తింటరంట అక్కా. గిది కుదిరిందనుకో, ఆయన్ని లారీ దిగుమంట" అని చెప్పింది నాతో. చెప్పేటప్పుడు చీర కొంగుతో కొత్త గ్రైండరును తుడుస్తోంది. కొత్తదంటే ఎవరో హోటల్ వాళ్ళు వాడి అమ్మింది, ఆమెకు కొత్తది.

మొదటి రోజు పిండి పొద్దున్నే చేరాలి. అంటే ముందు రోజు సాయంత్రానికి రుబ్బి పెట్టాలి. ఆ మధ్యాహ్నం పప్పూ బియ్యమూ బకెట్లలో నానుతున్నాయి. ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. దుమ్ము, ఆ వెనకే నాలుగు చినుకులు. సందు మొదట్లో ఉన్న తురాయి కొమ్మ విరిగి తీగల మీద పడింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెద్ద చప్పుడు. కరెంటు పోయింది. లైన్‌మన్ వచ్చి పైకి చూసి, "రాత్రి అయితది. లేకుంటే రేపు" అని చెప్పి ఇంకో సందుకు వెళ్ళిపోయాడు.

దుర్గమ్మ మా గుమ్మంలోకి వచ్చింది.

"చీకటి వడక ముందే రుబ్బితెనే పొద్దుగాలకు పొంగుతది అక్కా. రాత్రి రుబ్బితే ఇడ్లీ రాదు, రాయి వస్తది. రుబ్బకుంటే పప్పు వాసనొస్తది. ఏం జెయ్యాలె?"

మావారు కుర్చీలోంచి లేచారు. నేను ఆయన ముఖంలో అంత వెలుగు చూసి చాలా ఏళ్ళయింది.

"దేనికమ్మా కంగారు? మన దగ్గర జనరేటర్ ఉంది" అన్నారు.

ముసుగు తీశారు. దసరా నాటి కుంకుమ ఇంకా చెక్కుచెదరలేదు. నిమ్మకాయ మాత్రం నల్లగా ఎండి వేలాడుతోంది. ఆయన దుర్గమ్మ గ్రైండరు వెనక అంటించిన రేకు చదివి, వాట్లు లెక్కగట్టి, సరిపోతుందని ప్రకటించారు. షట్టర్ ముందు జనరేటర్ పెట్టారు. స్విచ్చి వేశారు. తాడు లాగారు.

అది ఒకసారి దగ్గింది. అంతే.

మళ్ళీ లాగారు. మళ్ళీ. చొక్కా చేతులు మడిచి లాగారు. కాలు ఆనించి లాగారు. వాచ్‌మన్ మొగిలయ్య నిలబడి చూస్తున్నాడు.

"సారూ, దసరా నాడు మొక్కుల ఏమన్నా తక్కువైందా?" అని అడిగాడు.

"నువ్వు ఊరుకో మొగిలయ్యా."

"గట్ల కాదు సారూ. నిరుడు రెండు కొబ్బరికాయలు గొట్టినం. ఈసారి ఒకటే."

రెండో అంతస్తు నరేందర్ డ్యూటీ దిగి బైకు మీద వచ్చాడు. నాచారంలో ఇంజినీరింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. రోజూ జిమ్‌కు కూడా వెళ్తాడు. "జర జరుగుండ్రి సార్" అని ముందుకొచ్చాడు. అతను లాగిన లాగుడుకు జనరేటర్ మొత్తం లేచి అడుగు దూరం జరిగింది కాని ఇంజను లేవలేదు.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఇథనాల్ చేసిన మేలు చూడండి. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకు వాట్సాప్‌లో ఎన్నిసార్లు పిలిచినా సెక్రటరీ, ఆయన తెచ్చుకున్న కుర్చీ తప్ప ఎవరూ రారు. అలాంటిది ఆ సాయంత్రం అన్ని అంతస్తుల వాళ్ళూ కిందికి దిగారు. మూడేళ్ళుగా పార్కింగ్ తగాదాతో మాట్లాడుకోని ఇద్దరు ఒకే తాడును వంతులవారీగా లాగారు. ఒకాయన ప్లగ్ అన్నాడు. ఒకాయన ఆయిల్ అన్నాడు. ఇంకొకాయన నేల ఎగుడుదిగుడుగా ఉందన్నాడు. కింద అట్టముక్క పెట్టి మళ్ళీ లాగారు. ఇంత వ్యాయామం, ఇంత ఐకమత్యం ఖర్చు లేకుండా ఇచ్చే ఇంధనం ఇంకెక్కడైనా ఉందా?

దుర్గమ్మకు మాత్రం ఐకమత్యం చూసే తీరిక లేదు. మధ్య మధ్య లోపలికి వెళ్ళి పప్పు నీళ్ళు మార్చి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఆకాశం వైపు చూస్తోంది. ఎంత వెలుతురు మిగిలిందో కొలుస్తున్నట్టు.

చివరికి మావారు నాచారంలో జనరేటర్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసే కళ్యాణ్‌కు ఫోను చేశారు. స్పీకర్‌లో పెట్టారు.

"ప్లగ్ చూశాం. ఆయిల్ ఉంది. చోక్ వేశాం. అసలు వాడనే లేదయ్యా, కొత్తది కింద లెక్క" అన్నారు.

"పెట్రోల్ ఎప్పటిది సార్?"

"ఫ్రెష్షే. దసరాకు పోశాను."

అవతల పానా కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఏ దసరా సార్?"

"మొన్నటి దసరానే."

"అయితే దాన్ని పెట్రోల్ అనకుండ్రి సార్ ఇగ. కషాయం అయ్యుంటది. తాడు లాగకుండ్రి, తెగుతది. పట్కరాండ్రి."

దసరా శరదృతువులో వస్తుంది. మేము నిలబడి ఉన్నది ఎండాకాలంలో. ఫ్రెష్ అన్న మాటకు మగవాళ్ళ నిఘంటువులో ఏ అర్థం ఉందో నాకు అప్పుడే తెలిసింది. ఇదే మనిషి నిన్నటి పప్పుచారు పొద్దున వేడి చేసి పెడితే గిన్నె మూత తీసి అనుమానంగా వాసన చూస్తారు!

ఆటోలో నాచారం బయలుదేరాం. మావారి భుజం అప్పటికే పట్టేసింది, జనరేటర్‌ను నేనే ఒడిలో పసిపిల్లలా పట్టుకున్నాను. చిల్కానగర్ దాటాక ఆటో అతను అద్దంలో చూశాడు.

"మేడం, పెట్రోల్ వాసనొస్తుంది. ఏమన్న అంటుకుంటదా?"

"అది పెట్రోలు కాదట" అన్నాను.

"మరేంది?"

"అది తెలుసుకోవడానికే వెళ్తున్నాం."

కళ్యాణ్ షాపు ముందు చిన్న జాతర నడుస్తోంది. గాలివాన మా ఒక్క సందుకే రాలేదు కదా. మా దాని అన్నదమ్ములు, మేనత్త పిల్లలు అన్నట్టు రకరకాల జనరేటర్లు వరుసగా కూర్చుని ఉన్నాయి. వాటి పక్కన వాటి యజమానులు. పీర్జాదిగూడ నుంచి ఒకరు, మేడిపల్లి నుంచి ఒకరు. ప్రతి ఒక్కరూ ఒకే మాట చెబుతున్నారు: "అసలు వాడనే లేదండీ."

వాడినవాళ్ళ మిషన్ ఒక్కటి కూడా అక్కడ లేదు. అన్నీ భద్రంగా దాచుకున్నవాళ్ళవే. మనకు ఏదైనా మంచి వస్తువు దొరికితే దాన్ని వాడకుండా ఉండటమే దానికి చేసే గౌరవం. కొత్త సోఫాకు ప్లాస్టిక్ కవరు తీయం. చుట్టాలు వస్తే తప్ప పింగాణీ కప్పులు దించం. ఈ అలవాటును మాన్పించడానికి ఎందరు ప్రయత్నించి ఓడిపోయారో. ఇథనాల్ ఒక్క ఏడాదిలో సాధించింది. "వాడుకో, లేకపోతే పాడుచేస్తాను" అని ముఖం మీదే చెప్పగల ధైర్యం దానికే ఉంది.

నా ఫోను మోగింది. దుర్గమ్మ.

"అక్కా, పప్పు వాసన మారుతుంది. ఇంకో గంట ఆగితే గారెలకు గూడ పనికిరాదు. అయితదా, కాదా? కాదంటే ఇప్పుడే క్యాంటీనోళ్ళకు చెప్త."

"చెప్పకు. కొంచెం ఆగు" అన్నాను. ఏ నమ్మకంతో అన్నానో నాకే తెలియదు.

మా ముందు నలుగురు ఉన్నారు. నేను వెళ్ళి విషయం చెప్పాను. గడ్డి కోసే మిషన్ పట్టుకున్న పెద్దమనిషి ఒప్పుకోలేదు.

"అందరిది అర్జెంటే కదమ్మా. నేను మధ్యాహ్నం సంది ఉన్న."

"మీది ఏం పనండీ?"

"ప్లాట్‌ల గడ్డి మస్తు వెరిగింది."

"ఆమెది ఇడ్లీ పిండి. పప్పు నానబోసేసింది."

ఆయన మిషన్ కింద పెట్టాడు. "పప్పు నానవెట్టిందా?" అన్నాడు. వెనక్కి తిరిగి కళ్యాణ్‌ను కేకేశాడు. "ఏ కళ్యాణ్, వీళ్ళది ముందుగాల సూడు. మా గడ్డి రేపటికి గూడ ఉంటది."

కళ్యాణ్ ట్యాంకులోది ఒక ప్లాస్టిక్ సీసాలోకి వంచాడు. వెలుతురులో పెట్టి చూపించాడు. పైన పసుపుపచ్చగా ఒక పొర. కింద ఇంకో పొర. రెంటికీ మధ్య గీత గీసినట్టు ఉంది. మజ్జిగ కదపకుండా ఉంచితే పైన తేట, కింద చిక్కన తేరుకున్నట్టు.

"కిందిది నీళ్ళు, ఇథనాల్ కలిసింది. గిదే ముందుగాల ఇంజన్లకు వొయ్యేది" అన్నాడు.

మావారు ఆ సీసాను చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆయన ప్రయోగశాలలో ఇథనాల్ సీసాలు ఆయన అజమాయిషీలోనే ఉంటాయి. ఎవరైనా మూత వదులుగా పెడితే ఊరుకోరు. గాలిలో ఉన్న తేమను కూడా లాగేసుకుంటుందని, మూత చుట్టూ టేపు చుట్టాలని ఏళ్ళ తరబడి అందరికీ చెబుతూనే ఉన్నారు. ఆఫీసులో గాలి కూడా తగలనివ్వని వస్తువు మీద ఇంటికి వచ్చి కలశంతో నీళ్ళు చల్లారు!

"ఏమండీ, మీ ఆఫీసులో ఇథనాల్ సీసాలకు కూడా ఆయుధ పూజ చేస్తారా?" అని అడిగాను.

"అది వేరు" అన్నారు.

కళ్యాణ్ కార్బొరేటర్ విప్పుతున్నాడు. మావారు సీసాకు మూత గట్టిగా బిగించి పక్కన పెట్టారు.

"అది వేరేం కాదులే" అన్నారు.

కార్బొరేటర్ లోపల సూది మొనంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు అందులోంచి వెళ్ళాలి. అది పూర్తిగా జిగురుతో మూసుకుపోయింది. నేను వంగి చూశాను. పాకం. తీగ పాకం దాటి, ఉండ పాకం దాటి, అరిసెలకు కూడా పనికిరానంత ముదిరిన పాకం. కళ్యాణ్ సన్నటి తీగతో పొడిచి, గాలి కొట్టి, మందు చల్లి తుడుస్తున్నాడు.

"ఇథనాల్ వచ్చినంక నాకు ఆదివారం లేదు మేడం" అన్నాడు. "మా మామ బండి పంక్చరైనా ఇథనాలే అంటుండు."

నిజానికి తప్పంతా ఇథనాల్‌దే అనడం న్యాయం కాదు. కలపని పెట్రోలు కూడా ఇన్ని నెలలు ఉంచితే పాడవుతుంది. నీళ్ళు తాగే అలవాటు మాత్రం దీనికే ఎక్కువ.

మిషన్ బాగైంది. ఇక కొత్త పెట్రోలు కావాలి. దారిలో బంకుకు వెళ్తే సీసాలో పోయడం కుదరదన్నారు. సబబే, ప్రమాదం కదా. మరి ఎందులో పోస్తారు? బండి ట్యాంకులో పోస్తారట. మా స్కూటర్ సర్వీసింగులో ఉంది, చేతిలో జనరేటరే ఉంది. మావారు కాసేపు వాదించారు. చివరికి జనరేటర్‌నే ఆటోలోంచి దింపి, రెండు బైకుల మధ్య క్యూలో నిలబెట్టాం. క్యూ కదిలినప్పుడల్లా ఎత్తి ఒక అడుగు ముందు పెట్టాం. మా వెనకాయన ఎంతో మర్యాదస్తుడు, ఒక్కసారే హారన్ కొట్టాడు.

పంపు మీద 'ఈ20' అని స్టిక్కరు ఉంది. చాలా కాలం దాన్ని నేను పంపు నంబరు అనుకున్నాను. వందలో ఇరవై పాళ్ళు ఇథనాల్ అని దాని అర్థమట.

"జీరో సూస్కోండి" అన్నాడు బంకు కుర్రవాడు. చూశాను.

మేము సందులోకి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటుతోంది. దీపాలు లేవు. దుర్గమ్మ షట్టర్ మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన రెండు బకెట్లు. మావారు జనరేటర్‌ను దింపి, తుడిచి, ఎండిన నిమ్మకాయను విప్పి, కొత్తది ఎక్కడైనా దొరుకుతుందా అన్నట్టు అటూ ఇటూ చూశారు.

"నిమ్మకాయ తర్వాత గట్టుకోండ్రి సారూ" అని దుర్గమ్మ లేచింది. కొంగు నడుముకు దోపింది. తాడు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

లేచింది!

గ్రైండరు తిరిగింది. మొగిలయ్య ఫోను టార్చి పట్టుకుని నిలబడ్డాడు. దుర్గమ్మ ఎవరి ముఖమూ చూడలేదు. పప్పు వేస్తూ, నీళ్ళు చిలకరిస్తూ, వేళ్ళతో పిండి తీసి చూసుకుంటూ ఉండిపోయింది. గిన్నెలకు మూత పెట్టాక నా దగ్గరికి వచ్చి, "ఆలస్యమైంది అక్కా. పొంగుతదో లేదో" అంది.

సగమే పొంగింది.

పొద్దున్నే నేను కిందికి దిగేసరికి ఆమె గిన్నె మూత తీసి చూస్తోంది. సగం పొంగిన పిండిని ఇడ్లీ పిండి అని పంపవచ్చు. ఎవరికీ వెంటనే తెలియదు. దుర్గమ్మ అలా చేయలేదు. క్యాంటీన్‌కు ఫోను చేసింది.

"అన్నా, నిన్న కరెంట్ లేకుండె. ఇయ్యాల ఇడ్లీ వెయ్యకుండ్రి, దోసెలు వోయుండ్రి. దోసెలు మంచిగొస్తయి. ఇడ్లీ రేపు."

అవతల మనిషి గట్టిగానే అరిచాడు. పక్కన ఉన్న నాకే వినిపించింది. బోర్డు మీద ఇడ్లీ అని రాసేశారట. తరవాత దోసెలే పోశారు. ఆ రోజును లెక్కలోంచి తీసేసి ఇంకో రోజు పంపమన్నారు. చివరికి ఆర్డరు ఆమెకే వచ్చింది. కాని ఆ నాలుగు రోజులు ఆమె సరిగా తిండి తినలేదని నాకు తెలుసు.

ఇప్పుడు మా జనరేటర్ మెట్ల కింద లేదు. దుర్గమ్మ షట్టర్‌లో ఉంది. ప్రతి ఆదివారం కరెంటు ఉన్నా సరే, ఒక వాయి పిండి దాని మీదే రుబ్బుతుంది. స్కూటర్‌లోంచి తీసి ట్యాంకులో ఆ పనికి సరిపడినంతే పోస్తారు. మిగిలితే మావారు పైపుతో తీసి స్కూటర్‌లో పోసేస్తారు. ట్యాంకు మీద నేను ఒక ప్లాస్టర్ ముక్క అంటించి పోసిన తేదీ రాస్తున్నాను, మాగాయ జాడీ మీద రాసినట్టే. వచ్చే దసరాకు నిమ్మకాయ, పూలదండ మాత్రమేనని, జలాభిషేకం రద్దు అని మావారు స్వయంగా చెప్పారు. కుచ్చుల ముసుగు విప్పి దిండు గలీబులు కుట్టాను.

ఇంత మేలు చేసిన ఇథనాల్‌ను నేను ఎలా తిట్టగలను? చెరకు రైతుకు, మొక్కజొన్న రైతుకు నాలుగు డబ్బులు వస్తాయంటున్నారు, రావాలి. బయటి దేశాల నుంచి చమురు కొనడం తగ్గుతుందంటున్నారు, తగ్గాలి. కలపండి. నాకేం అభ్యంతరం లేదు.

ఒక్క చిన్న సందేహం మాత్రం ఉంది.

దుర్గమ్మతో క్యాంటీన్ వాళ్ళు ఒప్పందం రాసుకున్నప్పుడు ఒక షరతు పెట్టారు. పిండి కవరు మీద రుబ్బిన తేదీ ఉండాలి. ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ కూడా ఉండాలి. లేకపోతే గేటు లోపలికి రానివ్వరు. మంచి షరతే. ఆమె ఒక చిన్న రబ్బరు స్టాంపు చేయించుకుంది. ప్రతి సాయంత్రం కవరు కవరుకూ కొడుతోంది. పాల ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది. రొట్టె మీద ఉంటుంది. దగ్గు మందు సీసా మీదైతే తెరిచాక ఎన్నాళ్ళు ఉంచవచ్చో కూడా ఉంటుంది.

బియ్యాన్ని దుర్గమ్మ రుబ్బితే తేదీ వేయాలి. అవే బియ్యం నూకలైపోయి, ఇథనాల్ అయిపోయి, పంపులోంచి వస్తే అక్కర్లేదు. ఎందుకు?

నిన్న స్కూటర్ మీద బంకుకు వెళ్ళినప్పుడు ఆ కుర్రవాణ్ణే అడిగాను.

"బాబూ, ఇది ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?"

"ఏంది మేడం?"

"ఈ పెట్రోలు. ట్యాంకులో పోసి ఉంచితే ఎన్నాళ్ళకు పాడవుతుంది? ఎక్కడైనా రాశారా?"

అతను నా వైపు చూశాడు. పంపు వైపు చూశాడు. వెనక లైను చూశాడు.

"జీరో సూస్కోండి మేడం" అన్నాడు.

చూశాను. ఆ పంపు నాకు చెప్పగలిగిందంతా అదే.